అలవాట్లు: లేవు

సైబర్ టవర్స్ దాటగానే రోడ్డు పక్కన ఒక పెద్ద హోర్డింగు ఉండేది. దాని మీద చేతులు కట్టుకుని, చిరునవ్వు నవ్వుతూ డాక్టర్ నరసింహమూర్తి గారు. కింద, "క్యాన్సర్‌ను కోసి పారేసే చేతులు" అని మనిషెత్తు అక్షరాలు. ఆ చేతులు కోస్తున్నంతసేపూ రోగి ఊపిరి ఎవరి చేతుల్లో ఉంటుందో ఆ హోర్డింగు చెప్పదు. ఆ ఊపిరిని కాపలా కాసే డాక్టర్ రత్నమాల రోజూ ఉదయం ఏడింటికి దాని కిందనుంచే స్కూటీ మీద ఆసుపత్రికి వెళ్లేది. పదిహేనేళ్ల సర్వీసులో ఆ దారిలో ఆమెను గుర్తుపట్టింది ఒక్క ట్రాఫిక్ కానిస్టేబులే, అదీ హెల్మెట్ లేదని.

రత్నమాల మత్తు డాక్టరు. రోగులు ఆమెను రెండుసార్లు చూస్తారు. ఆపరేషన్‌కు ముందు, పన్ను కదులుతోందా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని ప్రాణం తీసే మనిషిగా ఒకసారి. థియేటర్లో, "అంకెలు లెక్కపెట్టండి" అనే మాస్కుగా ఇంకోసారి. నాలుగు దాకా లెక్కపెట్టాక ఎవరికీ ఏమీ గుర్తుండదు. లేచాక దండం పెట్టేది నరసింహమూర్తి గారికి, మిఠాయి డబ్బా ఇచ్చేది నరసింహమూర్తి గారికి. వాంతి వస్తే మాత్రం, "మత్తు సరిగా ఇవ్వలేదండీ" అని ఈమె పేరు కనుక్కుంటారు.

అది రెండు వేల పదకొండు, సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, బళ్లు లేవు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆసుపత్రి యాజమాన్యానికి మాత్రం ఎవరి మనసూ నొప్పించకుండా బతకడం ఎలాగో బాగా తెలుసు. అంబులెన్సులన్నిటికీ "జై తెలంగాణ" స్టిక్కర్లు అంటించింది. సూర్యాపేట దాటాక గోకెయ్యడానికి డ్రైవర్లకు తలా ఒక బ్లేడు కూడా ఇచ్చింది.

ఈ జాగ్రత్త రత్నమాల ఆపరేషన్‌కు ముందు నింపే ఫారం దాకా రావడానికి కారణం ఆమే. సమ్మె మొదలైన కొత్తలో ఒక రోగిని ఆమె ఎప్పటిలాగే, "కల్లు తాగుతారా?" అని అడిగింది. పక్కనున్న బావమరిది లేచి నిలబడ్డాడు.

"ఏంది మేడం, తెలంగాణోళ్లంటే తాగుబోతులనే గదా మీ లెక్క? బెజవాడోడు వస్తె గిట్లనే అడుగుతరా?"

కాదని చెప్పబోయి రత్నమాల ఆగిపోయింది. ఎందుకంటే అడగదు. బెజవాడ నుంచి వచ్చినవాళ్లను, "ఏమైనా అలవాట్లు ఉన్నాయాండీ?" అని నవ్వుతూ అడుగుతుంది, వాళ్లు నవ్వుతూ లేవంటారు, ఈమె నవ్వుతూ రాసుకుంటుంది. ఆ బావమరిది అన్నమాట నిజం కావడం వల్ల ఆమెకు ఇంకా మండింది.

గొడవ సర్దడానికి పేషెంట్ రిలేషన్స్ మేనేజర్ లోహిత్ వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు, టై కట్టుకుంటాడు, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి కాబట్టి ఆసుపత్రిలో అతనికి తగిన ఉద్యోగం అదే. సాయంత్రానికల్లా సర్క్యులర్ దిగింది: ప్రాంతీయ మనోభావాలను గాయపరిచే ప్రశ్నలు ఎవరూ అడగరాదు. ఫారంలో కల్లు, సారా, విస్కీ అన్న మూడు గళ్లూ పోయి ఒక్క గౌరవనీయమైన గడి మిగిలింది. "అలవాట్లు: ఉన్నవి / లేవు."

ఇంటికొచ్చి చెబితే ఆమె తండ్రి రామబ్రహ్మం గారు కడుపారా నవ్వారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై చందానగర్‌లో కూతురి దగ్గరే ఉంటున్నారాయన.

"అడిగితే తప్పేముందే అమ్మాయ్? తాగుతారు కాబట్టే కదా అడిగావు. పొద్దున్న లేస్తే అదే పని వాళ్లకి," అని తీర్పు చెప్పి, పక్కనున్న స్టీలు గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగారు. రోజూ రాత్రి భోజనానికి ముందు అరుగుదల కోసం అని ఆయన ఆ గ్లాసుతో రెండుసార్లు తాగుతారు. స్టీలు గ్లాసులో రంగు కనపడదు. అందుకే ఆ ఇంట్లో గాజు గ్లాసులు లేవు.

ఆ వారంలోనే పోచయ్య వచ్చాడు.

పోచయ్యకు యాభై రెండేళ్లు. మెదక్ జిల్లా నర్సాపూర్ దగ్గరి మనిషి. రాయదుర్గంలో ఒక అద్దాల మేడ కింద సెక్యూరిటీ గార్డు. భార్య నర్సమ్మ అదే మేడలో పదకొండో అంతస్తు ఊడుస్తుంది. ఇద్దరూ గోపన్‌పల్లిలో ఒక రేకుల గదిలో కిరాయికి ఉంటారు. పోచయ్య కడుపులో నిమ్మకాయంత గడ్డ, క్యాన్సర్ అని తేలింది. సగం కడుపు తీసేస్తే బతికే అవకాశం బాగానే ఉంది, ఆ తర్వాత నెలన్నర లోపల కీమో మొదలుపెట్టగలిగితే. ఆ గడువు దాటితే నరసింహమూర్తి గారి చేతులు ఎంత కోసి పారేసినా, మిగిలిపోయిన కణాలు హోర్డింగులు చదవవు.

మెడలో గులాబీ కండువాతోనే వచ్చి కూర్చున్నాడు. గోపన్‌పల్లి చౌరస్తాలో రిలే నిరాహార దీక్ష టెంటు అతనే చూసుకునేవాడట.

"నాలుగు దినాలు దీక్షల కూసున్నడు మేడం," అంది నర్సమ్మ. "పెద్ద త్యాగమేం గాదు. గడ్డ అయినకాంచి ఎట్ల జేసినా ముద్ద దిగుతలేదు. ఆకలి లేనోడు దీక్షకు కూసునుడు అల్కనే గదా."

"నువ్వు జర నోరు మూస్తవా?" అన్నాడు పోచయ్య.

రత్నమాలకు నర్సమ్మ నచ్చింది. నలభై ఎనిమిది కిలోల బరువు, వెలిసిపోయిన కళ్లు, గొంతులో బీడీ గరగర, ఇవి మాత్రం నచ్చలేదు. ఇప్పటికిప్పుడు కోస్తే ఊపిరితిత్తులు పట్టేస్తాయి, కుట్లు మానవు. రెండు వారాలు ఆగుదామంది. నరసింహమూర్తి గారికి ఒళ్లు మండింది.

"నేను క్యాన్సర్ తీసేస్తానంటుంటే మీరు కోడిగుడ్లు తినిపిస్తానంటారేంటండీ?"

"రెండు వారాలకు గడ్డ పెరిగేది తక్కువ సార్. మనిషి పుంజుకునేది ఎక్కువ."

ఆమె మాటే నెగ్గింది. అంతలో బంద్ పిలుపొచ్చి థియేటర్ స్టాఫ్ రాలేదు కాబట్టి నెగ్గిందని అసూయపరులు అన్నారు. ఆ రెండు వారాలూ పోచయ్య బీడీ మానేశాడు. మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని టెంటులోనే బుస్సుమని ఊపిరి పీల్చి బంతులు లేపేవాడట. ఉద్యమంలో ఇదేదో కొత్త కార్యక్రమం అనుకుని ఇంకో ఇద్దరు కూడా నేర్చుకున్నారట. రక్తం పట్టడానికి మందు ఎక్కించారు. పూటకో గుడ్డు మెత్తగా చిదిమి నర్సమ్మ దగ్గరుండి తినిపించింది. రెండు కిలోలు పెరిగాడు.

ఆపరేషన్ ముందు రోజు రత్నమాల మళ్లీ ఫారం తీసింది.

"బీడీ మానేశారు, సంతోషం. ఇంకేమైనా... అలవాట్లు?"

"ఇంకేముంటయి?" అన్నాడు పోచయ్య, కండువా సర్దుకుంటూ. ఆమె కళ్లలోకే సూటిగా చూశాడు. అడుగు చూద్దాం, నీ నోటితోనే అడుగు, అన్నట్టుంది ఆ చూపు. నర్సమ్మ సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతోంది.

రత్నమాలకు బావమరిది గుర్తొచ్చాడు. సర్క్యులర్ గుర్తొచ్చింది. తాను చాలా సంస్కారం గల మనిషినని కూడా గుర్తొచ్చింది. "లేవు" దగ్గర టిక్కు పెట్టేసింది.

మర్నాడు థియేటర్లో పోచయ్య నాలుగు కాదు, పధ్నాలుగు దాకా లెక్కపెట్టాడు. ఆ ఒంటికి వెయ్యాల్సిన మత్తు వేసినా కళ్లు మూయలేదు. తొంభై కిలోల కాంట్రాక్టరుకు పట్టేంత వేస్తేగానీ పడుకోలేదు. ఇదేమిటని రత్నమాల చార్టులో రాసుకుని పక్కనొక ప్రశ్నార్థకం పెట్టింది. అంతలో నరసింహమూర్తి గారు పాటలు పెట్టమన్నారు, కత్తి అందుకున్నారు. ఆ ప్రశ్నార్థకం అక్కడే ఉండిపోయింది.

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. మర్నాడు పొద్దున్నకి పోచయ్య మంచం మీద కూర్చున్నాడు. నొప్పి తెలియకుండా వీపులో పెట్టిన సన్నగొట్టం పని చేస్తోంది, దగ్గు బాగా దగ్గుతున్నాడు, నర్సు భుజం పట్టుకుని నాలుగడుగులు వేశాడు. లోహిత్ వచ్చి నరసింహమూర్తి గారిని పోచయ్య పక్కన నిలబెట్టి ఫొటో తీయించాడు. ఫ్రేములో అడ్డమొస్తున్నారని రత్నమాలను కొంచెం జరగమన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం అంతా తలకిందులైంది.

ముందు వేళ్లు వణికాయి. తర్వాత ఒళ్లంతా చెమట. నాడి నూట నలభై. ముక్కులో గొట్టం పీకేశాడు. మంచం దిగబోతే ఇద్దరు పట్టుకున్నారు. ఐసీయూ అంతా మారుమోగేలా "జై తెలంగాణ!" అని అరిచాడు. పక్క మంచం మీద నరసాపురం నుంచి పిత్తాశయం తీయించుకోవడానికొచ్చిన సుబ్బలక్ష్మి గారనే పెద్దావిడ ఉన్నారు. ఆవిడ కేసి వేలు చూపించి, "ఇయ్యాల దీక్ష నీ వంతు. లెవ్వకు. లేసినవంటె ఊకోను," అని హెచ్చరించాడు. ఆవిడ నిజంగానే లేవలేదు.

లోహిత్ పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు బయటే ఆగిపోయాడు.

"మేడమ్, ఐసీయూలో ధర్నా ఏంటి మేడమ్? ఆయన డిమాండ్ ఏంటో కనుక్కోండి. ప్రెస్‌కి ఎవరైనా చెప్పారా?"

"నాడి నూట నలభై ఉంది లోహిత్. డిమాండ్ అదే."

నరసింహమూర్తి గారు మాత్రం నవ్వలేదు. కోసి కలిపినచోట కుట్టు వదిలి కడుపులో కారుతుంటే మొదట ఇలాగే అవుతుంది. ఐదింటికి మళ్లీ తెరుస్తానన్నారు. ముందు స్కానింగ్ తీద్దాం సార్ అంది రత్నమాల. ఇలా కొట్టుకుంటున్నవాడు స్కానింగుకు ఎలా పడుకుంటాడు, పడుకోవాలంటే మీరు మత్తివ్వాలి, ఎలాగూ మత్తిస్తున్నప్పుడు స్కానింగెందుకు, తెరిచే చూసేస్తాను అన్నారాయన. చేతులున్నవాడికి అన్ని దారులూ అటే పోతాయి.

రత్నమాల పోచయ్య పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. మెత్తగానే ఉంది. జ్వరం లేదు. కడుపులోంచి బయటికి పెట్టిన గొట్టంలోంచి వస్తున్నది తేటగానే ఉంది. ఇది కుట్టు కాదేమో. కానీ కాదని చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది? కుట్టే అయితే ఆలస్యం చేసి చంపినట్టు. కుట్టు కాకపోతే, యాభై కిలోల మనిషి కడుపు మూడు రోజుల్లో రెండోసారి తెరవడం అతన్ని చంపడమే. బతికినా కోలుకోవడానికి నెలలు పడుతుంది, కీమో గడువు పోతుంది. గోడ గడియారం నాలుగూ పది. ఆమెకు నిజంగా భయమేసింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ప్రశ్నార్థకం. పధ్నాలుగు దాకా లెక్కపెట్టిన మనిషి.

నర్సమ్మ ఐసీయూ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ సంచి గట్టిగా పట్టుకుంది. లోపలి అరుపులు ఆమెకు వినపడుతూనే ఉన్నాయి. అందరి ముఖాల్లో ఉన్న ఆశ్చర్యం ఒక్క నర్సమ్మ ముఖంలోనే లేదని రత్నమాల గమనించింది. వెళ్లి ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"నర్సమ్మా, ఈయన ఇలా ఇంతకు ముందు ఎప్పుడైనా చేశాడా?"

నర్సమ్మ సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నీకు తెలుసు. ఐదింటికి మళ్లీ కడుపు కోస్తామంటున్నారు."

నర్సమ్మ తల ఒళ్లోకి వంచేసింది. రత్నమాలకు అర్థమైంది, ఈమె దగ్గర సర్క్యులర్ మర్యాదలు పనికిరావు. ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"మా నాన్నగారు రోజూ బ్రాందీ తాగుతారు నర్సమ్మా. స్టీలు గ్లాసులో. పధ్నాలుగేళ్ల నుంచి. కిందటేడు ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయింది. ఫారం నేనే నింపాను. 'అలవాట్లు లేవు' అని రాశాను. మా తోటి డాక్టర్లు చూస్తారు కదా, పరువు. ఆపరేషన్ అయ్యాక రెండు రోజులు ఆయన మంచం మీదనుంచి లేని కాలవ తూములు మూయమని అరిచారు. పెద్దవయసు కదా అన్నారందరూ. నేనూ అదే అన్నాను. నాకు తెలిసీ అన్నాను."

నర్సమ్మ తలెత్తి ఆమెను చూసింది, మొదటిసారి మనిషిని చూసినట్టు.

"మీ నాయిన గూడ తాగుతడా?"

"తాగుతారు. తాగి మిమ్మల్ని తాగుబోతులంటారు."

నర్సమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒట్టు వెట్టిచ్చుకున్నడు మేడం. 'ఆంధ్ర డాక్టరమ్మ అడుగుతది, కల్లు తాగుతనని చెప్పినవో, మనందరి ఇజ్జత్ తీసినట్టు. చూసిన్రా, అందరు గిట్లనే అని రాసుకుంటరు' అన్నడు. దినాం మాపటికి రెండు సీసలు. ఇరవై ఏండ్ల సంది. పట్నంల కల్లు దుకాండ్లు బందయినంక గూడ శంకర్‌పల్లి దిక్కుకెల్లి టీవీఎస్ మీద క్యాన్ల వస్తది. దవాఖానల షరీకయ్యే ముందు మాపటికి గూడ తాగిండు. ఒకపారి బంద్‌ల ఆ టీవీఎస్ ఆయన మూడు దినాలు రాలే. మా గల్లీల ముగ్గురికి గిట్లనే పిచ్చి లేసింది. ఇంగొకడు మూర్ఛొచ్చి పడ్డడు."

"నువ్వు ముందే చెప్తే..."

"మీరు అడిగిన్రా?"

నర్సమ్మ సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. అందులో తెల్లగా కల్లు. "ఒక్క గుక్క పోస్తె సల్లవడతడు అని పొద్దుగాల నుంచి వట్టుకొని కూసున్న. లోపలికి రానిస్తలేరు."

రెండు రోజుల కిందట కుట్టిన కడుపులోకి కల్లు. రత్నమాల సీసా లాక్కుంది. మూత తీసి వాసన చూసింది. అది చెట్టు నుంచి దిగిన కల్లు కాదు. అది రాకపోతే గల్లీలో ముగ్గురికి పిచ్చి లేచిందంటే, నీళ్లలో పిండీ చక్కెరా కలిపి, నిద్రమాత్రల పొడి దండిగా పోసిన కల్లు. ఇరవై ఏళ్లుగా రోజూ నిద్రమాత్రలు మింగుతున్న ఒళ్లు, అందుకే థియేటర్లో మత్తు ఎక్కలేదు. అది ఒక్కసారిగా ఆగిపోయింది, అందుకే ఇప్పుడు ఒళ్లు తిరగబడింది. కుట్టు వదల్లేదు. వదిలింది సీసా.

"నువ్వు అనుకున్నది సగం సరే నర్సమ్మా," అని లేచింది. "ఆయనకు అదే కావాలి. కానీ నోట్లో కాదు, నరంలోకి. సీసాలోది కాదు, నేను కొలిచి ఇచ్చేది."

నాలుగున్నరకు నిద్రమందు మొదలుపెట్టింది. కొద్దికొద్దిగా, మంచం పక్కనుంచి కదలకుండా, ఊపిరి చూసుకుంటూ. రెండో డోసుకు చేతులు వణకడం తగ్గింది. మూడో డోసుకు పోచయ్య సుబ్బలక్ష్మి గారిని దీక్ష విరమించడానికి అనుమతించాడు. ఐదింటికి నరసింహమూర్తి గారు గౌను వేసుకుని వచ్చేసరికి నాడి తొంభై ఆరు, రోగి గుర్రు. ఇప్పుడు కదలకుండా పడుకున్నాడు కదా అని స్కానింగ్ తీశారు. కుట్టు చెక్కుచెదరలేదు.

నరసింహమూర్తి గారు గౌను విప్పుతూ ఒక్క మాటన్నారు. "ఇంత ముఖ్యమైన విషయం ముందే ఫారంలో రాయాలి కదండీ రత్నమాలా?"

ఆ మనిషి నిజం చెప్పడం అరుదు. చెప్పిన ఆ ఒక్కసారీ అది ఆమెకే తగలాలా!

పదో రోజు పోచయ్య తన కాళ్ల మీద నడిచి ఇంటికి బయల్దేరాడు. చేతిలో డిశ్చార్జి కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"గీ కల్లు ముచ్చట గొట్టెయ్యుండ్రి మేడం."

"కొట్టెయ్యను. కీమో ఇచ్చేవాళ్లు ఇది చూడాలి. మాత్రలు నేను చెప్పినట్టే మెల్లగా తగ్గించుకోవాలి."

"గట్లనా?" అతను కండువా భుజం మీదకు విసురుకున్నాడు. "మరి మీ ఆంధ్రోళ్లను గూడ గిట్లనే అడుగుతరా? గిట్లనే రాస్తరా?"

"రాస్తాను."

"సూస్త," అన్నాడు పోచయ్య. అతను నమ్మలేదు, అందులో అతని తప్పేమీ లేదు. ఐదో వారంలో అతనికి కీమో మొదలైంది.

పోచయ్య ఇంటికెళ్లిన వారం, ఆదివారం పేపర్లో లోహిత్ తీయించిన ఫొటో పడింది. నరసింహమూర్తి గారు, పోచయ్య, మధ్యలో రత్నమాల మోచెయ్యి. రామబ్రహ్మం గారు పేపరు మడిచి, స్టీలు గ్లాసు అందుకున్నారు.

"వీడేనా నువ్వు చెప్పినవాడు? చూశావా మరి, నేనన్నానా లేదా! తాగుడుతోనే పుడతారు వీళ్లు."

రత్నమాల లోపలికి వెళ్లి బీరువాలోంచి ఆయన ఆసుపత్రి ఫైలు తెచ్చింది. కిందటేటి ఫారం తీసి, తన దస్తూరీతోనే ఉన్న "లేవు"ను అడ్డంగా కొట్టేసింది. పక్కన రాసింది: "ఉంది. బ్రాందీ. రోజూ. పధ్నాలుగేళ్లుగా." కింద సంతకం పెట్టి, తేదీ వేసింది. వచ్చే నెల ఆయన మోకాలి ఆపరేషన్. ఆ ఫారం ఆమె తోటి డాక్టర్లందరూ చూస్తారు.

రామబ్రహ్మం గారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. ముఖం ఎర్రబడింది.

"నలుగురిలో నా పరువు తీస్తావేమిటే? ఇదంతా ఎందుకిప్పుడు?"

"మీరు కూడా బతకాలని నాన్నగారూ," అంది రత్నమాల.